దామెర్ల రామారావు

దామెర్ల రామారావు (మార్చి 8, 1897 - ఫిబ్రవరి 6, 1925) సుప్రసిద్ధ తెలుగు చిత్రకారుడు. రాజమండ్రి (ప్రస్తుత రాజమహేంద్రవరం)లో జన్మించిన ఈయన ఆధునిక ఆంధ్ర చిత్రకళకు ఆద్యులలో ఒకడిగా ప్రఖ్యాతి పొందాడు. బొంబాయిలో విద్య ముగించుకొని స్వస్థలానికి తిరిగివచ్చిన తరువాత ఈయనకు దక్కిన కాలం సుమారు ఐదు సంవత్సరాలు మాత్రమే. 28 ఏళ్లు నిండకముందే మశూచి సోకి మరణించాడు. ఈ స్వల్పకాలంలోనే పేరుపొందిన చిత్రాలను రచించడమే కాక, రాజమండ్రిలో ఒక చిత్రకళాశాలను కూడా నెలకొల్పాడు. ఈయన తైలవర్ణ చిత్రాలు, నీటిరంగుల చిత్రాలు, పెన్సిలు రేఖాచిత్రాలు, స్కెచ్ పుస్తకాలు రాజమండ్రిలో ఈయన పేరిట వెలసిన చిత్రకళా మందిరానికి చేరాయి.

నాటి చిత్రకళా పరిస్థితులు

ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో తెలుగు ఇళ్లలో చిత్రమంటే ప్రధానంగా రవివర్మ చిత్రాల అచ్చు ప్రతులే. దేవతల పటాలుగా అవి గోడలకెక్కాయి. మరొకవైపు కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ నాయకత్వంలో వంగ చిత్రకళా సంప్రదాయం ఏర్పడింది. పాశ్చాత్యుల తైలవర్ణ పద్ధతిని వదలి, పలుచని నీటిరంగులతో భారతీయ విషయాలను చిత్రించడం ఆ సంప్రదాయపు లక్షణం. మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ ద్వారా ఈ పద్ధతి ఆంధ్రదేశానికి వచ్చింది. ఈ రెండింటిలో దేనినీ పూర్తిగా అనుసరించక, తెలుగునేలనూ తెలుగు మనుషులనూ ప్రత్యక్షంగా పరిశీలించి చిత్రించడానికి పూనుకున్నవారిలో రామారావు ముఖ్యుడు.

కూల్డ్రే శిష్యరికం

రామారావుకు చిన్నతనం నుండి పాఠాలకంటె బొమ్మలపైనే ఆసక్తి ఎక్కువ. ఈయనలోని ప్రతిభను గుర్తించినవాడు ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే. ఆంగ్లేయుడైన కూల్డ్రే 1909 నుండి 1919 వరకు రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశాడు. ఆయన స్వయంగా రచయిత, చిత్రకారుడు. గోదావరి ప్రాంత జీవితంపై మక్కువ పెంచుకొని, ఇంగ్లండుకు తిరిగివెళ్లిన తరువాత 1924లో సౌత్ ఇండియన్ అవర్స్ అనే గ్రంథాన్ని ప్రచురించాడు. కవి, నవలాకారుడు, చిత్రకారుడు అయిన అడివి బాపిరాజు, కవి కవికొండల వెంకటరావు కూడా ఆయన శిష్యులే.

కూల్డ్రే తన శిష్యులను అజంతా గుహలకు తీసుకువెళ్లి అక్కడి కుడ్యచిత్రాలను చూపించాడు. అజంతా చిత్రాలలో ఆకృతికి ప్రాణం పోసేది రేఖ. ఒకే గీత వంపుతో శరీరపు బరువును, కదలికను, భావాన్ని తెలిపే ఆ పద్ధతి ప్రభావం రామారావు తరువాతి చిత్రాలలో స్పష్టంగా కనబడుతుంది. పరీక్షల చదువు కంటె చిత్రకళాభ్యాసమే ఈ విద్యార్థికి తగినదని తలచి, బొంబాయి వెళ్లడానికి కూల్డ్రే ప్రోత్సహించాడు. చిత్రకళ జీవనోపాధి కాగలదనే నమ్మకం మధ్యతరగతి కుటుంబాలలో లేని ఆ రోజులలో ఇది సాధారణమైన నిర్ణయం కాదు.

బొంబాయిలో విద్యాభ్యాసం

1916లో రామారావు బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ లో ప్రవేశించాడు. అప్పటి ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్ ఈయన చిత్రాలను చూసి నేరుగా మూడవ సంవత్సరంలో చేర్చుకున్నాడు. మనిషిని ఎదుట నిలుపుకొని శరీర నిర్మాణాన్ని గీయడం, వెలుగునీడలను గుర్తించడం, దూరాన్నిబట్టి వస్తువుల పరిమాణం మార్చి చూపడం వంటి పాశ్చాత్య పద్ధతులు ఆ విద్యాలయంలో బోధించేవారు. 1920లో విద్య పూర్తిచేశాడు. రాజమండ్రికి చెందిన చిత్రకారుడు వరదా వెంకటరత్నం ఈయనకు ఆప్తమిత్రుడు. ఆ స్నేహం రామారావు జీవితంలోనే కాక, మరణానంతరం కూడా ఆయన కృషికి అండగా నిలిచింది.

ప్రయాణాలు, స్కెచ్ పుస్తకాలు

రామారావు విస్తృతంగా ప్రయాణించాడు. కథియవాడ్ ప్రాంతంలోని సంస్థానాలను సందర్శించి అక్కడ చిత్రరచన చేశాడు. ఎక్కడికి వెళ్లినా వెంట స్కెచ్ పుస్తకం ఉండడం ఈయన అభ్యాసంలో ముఖ్యభాగం. ఈయన మరణానంతరం లభించిన స్కెచ్ పుస్తకాలు 28. ఇవి కాక విడి కాగితాలపై గీసిన పెన్సిలు చిత్రాలు 250కి పైగా ఉన్నాయి. చిత్రకారునిగా ఈయన జీవితం ఎంత కొద్దికాలమో తలచుకుంటే ఈ సంఖ్యల ప్రాముఖ్యత అర్థమవుతుంది.

చిత్రకారునికి స్కెచ్ పుస్తకం ప్రదర్శన కొరకు ఉద్దేశించినది కాదు. కంటికి కనబడిన భంగిమ మరుక్షణంలో మారిపోతుంది. నడిచే మనిషి గాని, మెడ తిప్పే ఎద్దు గాని చిత్రకారుని కొరకు ఆగదు. ఆ క్షణంలో అవసరమైన గీతను మాత్రమే ఎన్నుకొని, మిగిలినదంతా వదిలివేయడం స్కెచ్ వలన అలవడుతుంది. అట్లా పోగుచేసుకున్న గీతల నుండే తరువాత పెద్ద చిత్రానికి పాత్రలు, భంగిమలు, చెట్లు, కట్టడాలు సమకూరుతాయి. అందుచేత రామారావు వర్ణచిత్రాలను అధ్యయనం చేసేవారికి ఈ పుస్తకాలు ఎంతో విలువైనవి. పూర్తయిన చిత్రంలో ఫలితం కనబడితే, స్కెచ్ పుస్తకంలో దాని వెనుకనున్న శ్రమ కనబడుతుంది.

ముఖ్యమైన చిత్రాలు

ఋష్యశృంగ బంధనం ఈయన చిత్రాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది. అడవిలో తండ్రి వద్ద పెరిగి స్త్రీలనే ఎరుగని మునికుమారుడు ఋష్యశృంగుని వేశ్యలు ఆకర్షించి నగరానికి తీసుకువెళ్లిన పురాణగాథ దీనికి ఆధారం. ఈ చిత్రం 1922లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనలో బహుమతి పొందింది. ఈయన చిత్రించిన గోదావరి ప్రకృతి దృశ్యాన్ని అప్పటి వైస్రాయి లార్డ్ రీడింగ్ కొనుగోలు చేశాడు. 1924లో ఇంగ్లండులోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో కూడా రామారావు చిత్రాలు ప్రదర్శింపబడ్డాయి.

సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకారం, నంది పూజ, కార్తీక పౌర్ణమి ఈయన ఇతర ప్రసిద్ధ చిత్రాలు. సిద్ధార్థ రాగోదయంలో చిత్రకారుడు బుద్ధుని వైరాగ్యాన్ని గాక, అంతకుముందు రాజకుమారునిలో అనురాగం అంకురించిన ఘట్టాన్ని ఎన్నుకున్నాడు. నంది పూజ, కార్తీక పౌర్ణమి వంటి చిత్రాల విషయాలు తెలుగువారి పూజలు, పర్వదినాలకు సంబంధించినవి. పురాణాలనే గాక, చుట్టూ సాగుతున్న జీవితాన్ని కూడా ఉన్నతమైన చిత్రానికి తగిన వస్తువుగా ఈయన భావించాడని వీటివలన తెలుస్తుంది.

చిత్రరచనా విధానం

రామారావు బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణ జ్ఞానాన్ని విడిచిపెట్టలేదు. అయితే పాశ్చాత్య పద్ధతిలో వలె నీడలతో గుండ్రదనాన్ని చూపడం కంటె రేఖకే ప్రాధాన్యమిచ్చాడు. ఆ రేఖ అజంతా నుండి గ్రహించినది. ఈయన చిత్రాలలోని స్త్రీమూర్తులు నాటకరంగం మీద నిలిచినట్లు గాక, తమ పనులలో తాము లీనమైనట్లు కనబడతారు. వంగ చిత్రకారుల చిత్రాలలో మంచు కమ్మినట్లుండే వాతావరణం ఈయన చిత్రాలలో తక్కువ. రంగులు తేటగా, ఆకృతులు నిలకడగా ఉంటాయి.

రాజమండ్రి చిత్రకళాశాల

విద్య పూర్తి అయిన తరువాత రామారావు తన కృషికి స్వస్థలమైన రాజమండ్రినే కేంద్రం చేసుకున్నాడు. 1923లో అక్కడ చిత్రకళాశాలను స్థాపించాడు. దానితోపాటు ఆంధ్ర చిత్రకళా సమితి కూడా ఏర్పడింది. వరదా వెంకటరత్నం ఈ కార్యక్రమాలలో ఈయనకు ప్రధాన సహచరుడు. ఈయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులు. స్త్రీలు చిత్రకళను అభ్యసించడం అరుదైన ఆ కాలంలో ఒకే కుటుంబం నుండి ఇద్దరు చిత్రకారిణులు రావడం గమనించదగిన విషయం. అంతవరకు చిత్రకళ నేర్వగోరిన తెలుగు యువకులు మద్రాసుకో, బొంబాయికో, కలకత్తాకో పోవలసివచ్చేది. ఆ విద్యను గోదావరి తీరానికి తీసుకురావడమే ఈ కళాశాల ఆశయం.

మరణం

కళాశాల స్థాపించిన రెండేళ్లకే, 1925 ఫిబ్రవరి 6న రామారావు మశూచి వ్యాధితో మరణించాడు. ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో మశూచికి టీకా కనుగొన్నప్పటికీ, నాటి భారతదేశంలో ఆ వ్యాధి ఏటా ఎందరినో బలిగొనేది. భారతదేశం మశూచి రహితమైనట్లు ధ్రువీకరింపబడింది 1977లో మాత్రమే. అప్పుడప్పుడే దేశవిదేశాలలో గుర్తింపు పొందుతున్న చిత్రకారుడు ఈ విధంగా అస్తమించాడు.

చిత్రకళా మందిరం

ఒక చిత్రకారుడు చిన్నవయసులో మరణిస్తే ఆయన చిత్రాలు చెల్లాచెదరు కావడం సాధారణం. అమ్ముడైనవి కొనుగోలుదారుల ఇళ్లకు చేరతాయి. అసంపూర్ణ చిత్రాలు, స్కెచ్ పుస్తకాలు చిత్తుకాగితాలుగా మిగిలిపోతాయి. రామారావు విషయంలో అట్లా జరుగకపోవడానికి కారణం ఆయన కుటుంబం, మిత్రులు. వరదా వెంకటరత్నం కళాశాలను నడపడంతోపాటు, మిత్రుని చిత్రాలను ఒకచోట చేర్చి చిత్రకళా మందిరం రూపొందడానికి పాటుపడ్డాడు. తరువాతి కాలంలో ఈ మందిరం ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. 34 తైలవర్ణ చిత్రాలు, 129 నీటిరంగుల చిత్రాలు, పైన పేర్కొన్న పెన్సిలు చిత్రాలు, స్కెచ్ పుస్తకాలు ఈ సేకరణలో లెక్కింపబడ్డాయి.

కాగితంపై గీసిన చిత్రాలకు తేమ, వెలుతురు, పురుగు ప్రధాన శత్రువులు. నదీతీర నగరమైన రాజమండ్రిలో గాలిలోని తేమవలన వీటి సంరక్షణ మరింత కష్టసాధ్యం. నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. కాలక్రమంలో కాగితం పసుపుబారి పెళుసవుతుంది. ఒకసారి నశించిన స్కెచ్‌ను తిరిగి సృష్టించడం అసాధ్యం కనుక, ఈ సేకరణను కాపాడుకోవడం ఆంధ్ర చిత్రకళా చరిత్రకు అత్యవసరం.

ప్రాముఖ్యత

రామారావు మార్గాన్ని అనుసరించిన చిత్రకారులను కళాచరిత్రకారులు రాజమండ్రి సంప్రదాయానికి చెందినవారిగా పేర్కొంటారు. స్థాపకుడు రెండేళ్లకే మరణించినా ఆ సంప్రదాయం అంతరించలేదు. ఈయన వదలివెళ్లిన చిత్రాలు, పుస్తకాలు పాఠాలుగా, మిత్రులు, బంధువులు ఉపాధ్యాయులుగా తరువాతి తరాల విద్యార్థులు అక్కడ చిత్రకళను అభ్యసించారు.