వ్యాన్ మైకులో ఆ గొంతు

మాది జగ్గయ్యపేట. అమ్మమ్మ వాళ్లది నందిగామ. చిన్నప్పుడు వీధిలో మైకులో భగవద్గీత వినిపిస్తే చాలు, అమ్మ గుమ్మంలోకి వచ్చి ఎవరు పోయారో కనుక్కునేది. అందుకే ఘంటసాల గొంతంటే నాకు చావు కబురు. మీలో చాలామందికీ అంతేనేమో.

హాస్టల్లో ఫేవరెట్ సింగర్ల గురించి రోజూ గొడవే. నా ఓటు బడ్డీ హోలీకి. తన పాటలు తనే రాసుకుని పాడి, 1959లో ఇరవై రెండేళ్లకే విమాన ప్రమాదంలో పోయిన రాక్ అండ్ రోల్ కుర్రాడు. అతని జీవితం నాకు నోటికొచ్చు.

పోయిన ఏడాది తాతయ్య పోయారు. నందిగామలో వ్యాన్ వెనక నడుస్తుంటే మైకులో అదే గొంతు. పక్కన నడుస్తున్న తాతయ్య స్నేహితుడు ఒక మాట చెప్పారు. కుర్రతనంలో తాతయ్య సైకిల్ మీద పాడుకుంటూ తిరిగినవన్నీ ఘంటసాల ప్రేమపాటలేనట. ఈ గొంతుకి ప్రేమపాటలా అనిపించింది. నాకు తాతయ్య ఫేవరెట్ సింగరెవరో కూడా తెలీదు. ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టాను.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. మాది మెట్ట, వాళ్లది కాలవల కింద పల్లపు ఊరు. నాన్న సూరయ్య గారు మృదంగం వాయిస్తూ తరంగాలు పాడుతుంటే ఈ పిల్లాడు నాట్యం చేసేవాడు. కొడుకు గొప్ప విద్వాంసుడు కావాలని కోరుకుంటూ నాన్న చిన్నప్పుడే పోయారు.

సంగీతం నేర్చుకోవాలని వేలికున్న ఉంగరం అమ్ముకుని విజయనగరం రైలెక్కాడు. తీరా వెళ్తే కాలేజీకి వేసవి సెలవులు! తర్వాత సీటు దొరికినా తిండికి దారి లేదు. జోలె కట్టుకుని ఇంటింటికీ తిరిగి అన్నం అడుక్కున్నాడు. దాన్ని మధుకరం అనేవాళ్లు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో చోటిచ్చి పాఠం చెప్పారు. ఆయనా కలిగినవారు కాదు. మెస్‌లో కూర బాలేదని కంప్లయింట్ రాసే నాకు ఇది చదివాక సిగ్గేసింది.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలోకి దిగి జైలుకెళ్లారు. 1944లో సావిత్రి గారితో పెళ్లయింది. తర్వాత మద్రాసు. కోరస్‌లో పాడారు, చిన్న వేషాలు వేశారు. 1945లో స్వర్గసీమ సినిమాలో భానుమతి గారితో కలిసి పాడే అవకాశం దొరికింది.

అక్కడినుంచి ఇక ఆగలేదు. 1951లో పాతాళభైరవికి సంగీతం ఆయనదే. 1953లో దేవదాసు తాగి ఏడ్చింది ఆయన గొంతుతోనే. 1957లో మాయాబజార్. కొన్ని బాణీలు కట్టి సాలూరి రాజేశ్వరరావు గారు తప్పుకుంటే, మిగతా పనంతా ఈయన పూర్తిచేశారు. పాటలు రాసింది పింగళి. సరిగ్గా అదే ఏడాది అమెరికాలో బడ్డీ హోలీ మొదటి హిట్ వచ్చింది. అక్కడ ఆ కుర్రాడికి జనం ఊగిపోతుంటే, ఇక్కడ మా తాతయ్య లాంటి కుర్రాళ్లు ఈయన పాటకి సైకిల్ తొక్కుతున్నారన్నమాట.

1970లో పద్మశ్రీ, 1971లో అమెరికా, యూరప్ కచేరీలు. అప్పటికే ఒంట్లో బాలేదు. ఆ చివరి రోజుల్లోనే భగవద్గీత పాడారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. వయసు యాభై ఒకటే.

ఇన్ని వేల ప్రేమలు, విరహాలు, వెటకారాలు పాడిన మనిషిని మనం తీసుకెళ్లి వ్యాన్ మైకులో కూర్చోబెట్టాం. తప్పు గీతది కాదు, ఆయనదీ కాదు. మిగతావి వినని మనదే.

ఇప్పుడు జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో దిగేదాకా నా ఇయర్‌ఫోన్స్‌లో మాయాబజార్ మోగుతుంది. బడ్డీ హోలీ కూడా ఉన్నాడు, ఎక్కడికీ పోలేదు. పాటలు దొరికాయి గానీ, ఏ పాటంటే ఎక్కువ ఇష్టమో అడగడానికి తాతయ్య లేరు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ సెలవుల్లో అడిగేయండి.