మెత్తగా గట్టిగా పలికే పెట్టె – క్రిస్టోఫరి జీవిత చరిత్ర

మన గోడపత్రికలో నాయకుల గురించి, శాస్త్రవేత్తల గురించి చాలా చదివాం. ఈసారి చెక్కతో, తీగెలతో పనిచేసిన ఒక పనివాడి గురించి రాస్తున్నాను. ఆయన పేరు బార్టొలోమియో క్రిస్టోఫరి. ప్రపంచంలో మొదటి పియానో చేసింది ఆయనే.

క్రిస్టోఫరి 1655 మే 4న పాదువా అనే పట్టణంలో జన్మించాడు. అది ఇప్పుడు ఇటలీలో ఉంది. అప్పుడు ఇటలీ ఒకే దేశం కాదు, ముక్కలు ముక్కలుగా రాజ్యాలు ఉండేవి. పాదువా వెనిస్ వాళ్ళ ఏలుబడి కింద ఉండేది. ఆయన సంగీత వాయిద్యాలు చేయడం, చెడిపోయినవి బాగు చేయడం నేర్చుకున్నాడు. 1688లో ఫ్లోరెన్స్ రాజకుమారుడు ఫెర్డినాండో మెడిచి ఆయన్ని తన కొలువులోకి పిలిచాడు. ఆ రాజకుమారుడికి సంగీతమంటే ప్రాణం. క్రిస్టోఫరి ముందు రానన్నాడట. రాజకుమారుడు వదలలేదు. జీతం నెలకు 12 స్కుడిలు. స్కుడి అంటే అప్పటి నాణెం.

ఫ్లోరెన్స్‌లో మొదట ఆయనకు పెద్ద హాలులో చోటిచ్చారు. అందులో సుమారు వంద మంది పనివాళ్ళు ఎవరి పని వాళ్ళు చేస్తూ ఉండేవారు. ఒకటే చప్పుడు. తీగె శృతి చూసేవాడికి ఆ చప్పుడులో ఏం వినపడుతుంది? స్టడీ అవర్‌లో గోల మధ్య లెక్కలు చేసేవాళ్ళకు ఆ బాధ తెలుసు. ఆయన ఈ ఇబ్బంది గురించి చెప్పుకున్నాడు. తర్వాత ఆయనకు వేరే ఇల్లు ఇచ్చారు.

అప్పట్లో అక్కడ హార్ప్సికార్డ్ అనే వాయిద్యం ఉండేది. దానికి కూడా హార్మోనియం లాగా తెల్లవి నల్లవి మెట్లు ఉంటాయి. మెట్టు ఒత్తితే లోపల పక్షి ఈక ముక్క ఒకటి తీగెను మీటుతుంది. ఇందులో లోపం ఏమిటంటే, మెల్లగా ఒత్తినా గట్టిగా ఒత్తినా శబ్దం దాదాపు ఒకటే. మా ఊళ్ళో దండారికి డోలు కొట్టేవాళ్ళని చూడండి, చెయ్యి మెల్లగా పడితే మెల్లగా, గట్టిగా పడితే గట్టిగా పలుకుతుంది. హార్ప్సికార్డ్‌కి అది చేతకాదు.

క్రిస్టోఫరి ఏం చేశాడంటే, మీటడం మానేసి కొట్టడం పెట్టాడు. మెట్టు ఒత్తితే లోపల చిన్న సుత్తి పైకి లేచి తీగెను కొడుతుంది. సుత్తి అంటే ఇనుముది కాదు, కాగితాన్ని గట్టిగా చుట్టి దాని మీద తోలు అంటించాడు. కొట్టించడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా కొట్టిన తర్వాతనే ఉంది. సుత్తి తీగెకు ఆనుకునే ఉంటే తీగె కంపించదు, శబ్దం చచ్చిపోతుంది. మోగుతున్న గంట మీద చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. అందుకని ఆయన ఒక ఉపాయం పెట్టాడు. మన వేలు ఇంకా మెట్టు మీదనే ఉన్నా సుత్తి మటుకు తీగెను కొట్టి వెంటనే విడిపోయి కిందికి వస్తుంది. ఇంకోటి, తీగె మీద గుడ్డ అంటించిన ఒక చిన్న చెక్క ఆని ఉంటుంది. మెట్టు ఒత్తినప్పుడు అది లేస్తుంది, వేలు తీస్తే మళ్ళీ తీగె మీద పడి శబ్దాన్ని ఆపుతుంది. నాకైతే ఆయన బుర్ర అంతా ఇక్కడే కనపడింది.

1700లో మెడిచి వాళ్ళ వాయిద్యాల జాబితా రాశారు. అందులో ఈ కొత్త పెట్టె ఉంది. సుత్తులు, ఎర్ర గుడ్డ, 49 మెట్లు అన్నీ రాసి ఉన్నాయి. ఇటలీ భాషలో పియానో అంటే మెత్తగా, ఫోర్టే అంటే గట్టిగా. రెండూ కలిపి పియానోఫోర్టే అన్నారు. పోను పోను గట్టిగా అనేది పోయి మెత్తగా ఒక్కటే పేరుగా మిగిలింది!

మెట్ల గురించి కూడా చెప్పాలి. మెట్లు క్రిస్టోఫరి కనిపెట్టలేదు, ఆయనకు చాలా ముందు నుంచే ఉన్నాయి. మన ప్రార్థన హార్మోనియం దగ్గరికి వెళ్ళి చూడండి, వరస అదే. ఏడు తెల్లవి, అయిదు నల్లవి, మొత్తం 12. తర్వాత మళ్ళీ అదే వరస. పాటగాళ్ళు తెల్లవాటిని ఒకటి, రెండు, మూడు అని ఏడు దాకా లెక్కపెడతారు. నల్లవి ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, అయిదున్నర, ఆరున్నర. మూడున్నర లేదు, ఏడున్నర లేదు, ఎందుకంటే అక్కడ నల్ల మెట్టు లేదు. ఒకటో మెట్టును స అనుకొని తెల్లవే వరసగా వాయిస్తే శంకరాభరణం వస్తుంది. గ కి మ కి మధ్య, ని కి పై స కి మధ్య దూరం తక్కువ, అందుకే అక్కడ నల్లది లేదు. అదే రెండో మెట్టును స అనుకుంటే తెల్లవి సరిపోవు. గ కోసం నాలుగున్నర, ని కోసం ఒకటిన్నర ఒత్తాలి. నాలుగున్నర నుంచి మొదలుపెట్టి ఒట్టి నల్లవే వాయిస్తే మోహన రాగం.

ఫిజికల్ సైన్సులో పౌనఃపున్యం చదివాం గదా. స నుంచి పై స కి పౌనఃపున్యం రెట్టింపు అవుతుంది. ఇప్పటి పియానోలో ఆ రెట్టింపును 12 సమాన మెట్లుగా చేశారు, ఒక్కో మెట్టుకు సుమారు 1.06 రెట్లు. ఇప్పుడు మెట్లు 88, తెల్లవి 52, నల్లవి 36. అన్నింటికన్నా కిందిది సెకనుకు 27.5 సార్లు, పైది సుమారు 4186 సార్లు కంపిస్తుంది.

1711లో మాఫెయి అనే పండితుడు ఈ వాయిద్యం గురించి బొమ్మతో సహా పత్రికలో రాశాడు. మంచి పనే, కానీ పేరు క్రిస్టోఫాలి అని తప్పు పడింది. 1713లో రాజకుమారుడు చనిపోయాడు. 1716లో ఆయన తండ్రి కోసిమో మహారాజు క్రిస్టోఫరికి వాయిద్యాలన్నీ చూసుకునే పని అప్పగించాడు. ముసలితనంలో జబ్బు పడితే దాల్ మేళా ఇంటి అక్కాచెల్లెళ్ళు సేవ చేశారు. 1729లో తన ఆస్తి చాలావరకు వాళ్ళకే వీలునామా రాశాడు. 75 ఏళ్ళు దాటాక ఫ్లోరెన్స్‌లోనే మరణించాడు. పియానో కోసమే రాసిన మొదటి పాటల పుస్తకం 1732లో అచ్చయింది.

మాఫెయి రాసినది 1725లో జర్మన్ భాషలోకి వెళ్ళింది. అక్కడ సిల్బర్మన్ అనే ఆయన ఇదే పద్ధతిలో పియానోలు చేశాడు. ష్రోటర్ అనే ఇంకొకాయన కనిపెట్టింది నేనే అన్నాడు. చాలా కాలం జనం వీళ్ళనే మెచ్చుకున్నారు. ఫ్లోరెన్స్ పాత కాగితాలు వెతికి 1874లో పులీతి అనే ఆయన క్రిస్టోఫరి సంగతి మళ్ళీ బయటపెట్టాడు. ఆయన బొమ్మ 1726లో గీసింది ఒకటి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో అది నాశనమైంది, దాని ఫోటోలు మాత్రం ఉన్నాయి.

ఆయన చేతి పియానోలు మూడు మిగిలాయి. 1720 నాటిది న్యూయార్క్‌లో, 1722 నాటిది రోమ్‌లో, 1726 నాటిది జర్మనీలోని లైప్జిగ్‌లో ఉన్నాయి. న్యూయార్క్‌లో ఉన్నదాని మీద లాటిన్ భాషలో ఆయన తన పేరు, తన ఊరు పాదువా పేరు, చేసిన సంవత్సరం చెక్కాడు. పేరు పక్కనే, కనిపెట్టినవాడు అని కూడా రాసుకున్నాడు.