సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్

సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ (అక్టోబర్ 19, 1910 - ఆగష్టు 21, 1995) ప్రముఖ ఖగోళ భౌతిక శాస్త్రవేత్త, 1983 నోబెల్ బహుమతి గ్రహీత.

బాల్యము, విద్య

చంద్రశేఖర్ లాహోరులో ఒక తమిళ కుటుంబంలో జన్మించాడు. ఈయన తాత చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. సి.వి.రామన్ ఈయనకు పినతండ్రి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1930లో కేంబ్రిడ్జికి వెళ్ళాడు.

చంద్రశేఖర్ అవధి

ఇంధనం హరించిన నక్షత్రం శ్వేత కుబ్జ తారగా నిలవాలంటే దాని ద్రవ్యరాశి ఒక హద్దును మించరాదని ఈయన ఓడ ప్రయాణంలోనే లెక్కకట్టాడు. ఈ హద్దు సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు. దీనిని మించినది ఇంకా కుంగి న్యూట్రాన్ తారగానో, కృష్ణ బిలంగానో మారుతుంది. 1935 జనవరి 11న లండనులో జరిగిన రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో ఎడింగ్టన్ ఈ ఫలితాన్ని బహిరంగంగా తోసిపుచ్చాడు. దానికి పూర్తి ఆమోదం లభించడానికి దశాబ్దాలు పట్టింది. చంద్రశేఖర్ 1937లో చికాగో విశ్వవిద్యాలయంలో చేరి, తరువాత ఇతర విషయాల వైపు మళ్ళాడు.

కృష్ణ బిలాలు, ఎక్స్-కిరణాలు

ఎలక్ట్రానుల వలన చెదిరిన కాంతి యొక్క ధ్రువణము ఆ విషయాలలో ఒకటి. జంట తారలలో కృష్ణ బిలం తన తోడు తార నుండి వాయువును లాగుకొన్నప్పుడు, దాని చుట్టూ పళ్ళెం వంటి చక్రము, అత్యంత వేడి ఎలక్ట్రానులతో కూడిన కరోనా ఏర్పడతాయి. వాటి నుండి వచ్చే ఎక్స్-కిరణాల తీవ్రత సెకనులో స్వల్ప భాగంలోనే మారుతూ ఉంటుంది. ఆ కిరణాల ధ్రువణాన్ని కొలిచి కరోనా ఆకారాన్ని అంచనా వేస్తారు. సిగ్నస్ ఎక్స్-1లో కరోనా చక్రము వెంబడి పరచుకొని ఉన్నదని 2022లో ఈ విధంగానే తెలిసింది.

గుర్తింపు

1999లో నాసా ప్రయోగించిన ఎక్స్-కిరణాల దూరదర్శినికి ఈయన పేరు మీదుగా చంద్ర అని పేరు పెట్టారు. ఎక్స్-కిరణాల ధ్రువణాన్ని కొలిచే ఎక్స్‌పోశాట్ ఉపగ్రహాన్ని 2024 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుండి ఇస్రో ప్రయోగించింది.