శత్రువు ఇచ్చిన కోటు

ఆక్రమించుకున్న దేశంలో సైనికుడి చేతికి ఎంత అధికారం వస్తుందో యేసు కాలంనాటి యూదులకు బాగా తెలుసు. దారినపోయే మనిషిని ఆపి మైలు దూరం మూట మోయించగలడు. లేని నేరం మోపి డబ్బు గుంజగలడు. మేమేం చేయాలని అడిగిన సైనికులతో బాప్తిస్మమిచ్చు యోహాను కొలువు మానెయ్యమనలేదు. ఎవరినీ బాధపెట్టి గుంజుకోవద్దని, అబద్ధపు నేరాలు మోపవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు. ఇంత చిన్న ఆజ్ఞేనా అనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పోలండ్‌లో జర్మన్ సైన్యం ఏం చేసిందో చదివితే మాత్రం అది ఎంత పెద్ద ఆజ్ఞో అర్థమవుతుంది. అదే సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసినవాడు విల్మ్ హోసెన్‌ఫెల్డ్. 2002లో వచ్చిన ‘ది పియానిస్ట్’ సినిమా చూసినవారికి, చివరలో కాసేపు కనిపించే జర్మన్ అధికారిగా ఆయన గుర్తుండే ఉంటాడు.

ఆయన 1895 మే 2న జర్మనీలోని ఫుల్డా పట్టణానికి దగ్గర్లో ఒక పల్లెలో, భక్తిగల కాథలిక్ కుటుంబంలో పుట్టాడు. తండ్రి బడిపంతులు, ఈయనా బడిపంతులే అయ్యాడు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి 1917లో గాయపడ్డాడు. భార్య అన్నెమరీకి యుద్ధమంటేనే పడదు. వారికి ఐదుగురు పిల్లలు. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే ఆయన నాజీల ఎస్‌.ఏ. దళంలో చేరాడు, 1935లో పార్టీ సభ్యుడయ్యాడు. ఈ సంగతి దాచిపెట్టి ఆయన్ని పరిశుద్ధుణ్ణి చేయడం నాకిష్టం లేదు. ఓడిన దేశం మళ్లీ లేచి నిలబడుతోందన్న ఆశ ఆయన కళ్లు కప్పింది. ఆయన కాథలిక్ కాబట్టి అలా చేశాడనుకోవద్దు. ఆ రోజుల్లో నాజీ జెండాను ఆలయంలోకి తెచ్చుకున్న ప్రొటెస్టెంట్ సంఘాలూ తక్కువేమీ కావు.

1939 సెప్టెంబరులో జర్మనీ పోలండ్‌ను ఆక్రమించింది. అప్పటికి నలభై నాలుగేళ్ల హోసెన్‌ఫెల్డ్‌ను పబియానిత్సె అనే పట్టణంలో పోలండ్ యుద్ధఖైదీల శిబిరానికి కాపలా వేశారు. ఆయన కళ్లు తెరిపించింది ఆ శిబిరమే. వేలమంది ఖైదీలు లోపల, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు బయట కంచె దగ్గర. నిబంధనలు పక్కనపెట్టి వాళ్లను కలవనిచ్చాడు. నిండు గర్భిణి ఒకామె తన భర్త కోసం వేడుకుంటే అతణ్ణి విడిపించాడు. తర్వాత వాళ్లింటికి వెళ్లాడు, భోజనం చేశాడు, ఆ కుటుంబంతో స్నేహం కట్టాడు. ఓడిపోయినవాడి ఇంట గెలిచినవాడు అతిథిగా కూర్చోవడం రెండు వైపులవాళ్లకూ మింగుడుపడే విషయం కాదు.

1940 జులైలో ఆయన్ని వార్సాకు పంపారు. సైనికుల ఆటల పోటీలు, స్టేడియం నిర్వహణ ఆయన ఉద్యోగం. పోలిష్ భాష నేర్చుకున్నాడు. జర్మన్ యూనిఫాంలోనే పోలిష్ చర్చికి వెళ్లి, పోలిష్ జనం మధ్య మోకరించి ప్రార్థించేవాడు. ఆక్రమిత దేశంలో పౌరుల ప్రాణాలను, కుటుంబ గౌరవాన్ని, మత విశ్వాసాన్ని కాపాడాలని, ఒకడి తప్పుకు ఊరినంతా శిక్షించరాదని 1907 నాటి హేగ్ ఒప్పందం చెబుతోంది. జర్మనీ కూడా దానికి ఒప్పుకున్న దేశమే. వార్సా వీధుల్లో జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. ఒక జర్మన్ చనిపోతే దొరికినవారినల్లా లారీలెక్కించి కాల్చేసేవారు. యూదులను 4 లక్షల మందికి పైగా గోడల మధ్య ఇరికించి, 1942 జులై నుండి సెప్టెంబరు వరకు వారిలో రెండున్నర లక్షల మందికి పైగా రైళ్లలో ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించారు.

హోసెన్‌ఫెల్డ్ ఇవన్నీ విన్నాడు, చూశాడు, డైరీలో రాసుకున్నాడు. ఆ రాతల్లో తప్పు హిట్లర్‌దనో ఎస్‌.ఎస్‌. దళాలదనో చెప్పి పక్కకు తప్పుకోలేదు. దీన్ని జరగనిచ్చినందుకు మేమంతా దోషులమని, ఈ సిగ్గు చెరిగిపోదని రాశాడు. ‘మేము’ అన్నచోట తననూ కలుపుకున్నాడు. ఆ నోటు పుస్తకాలను ఇంటికి పంపాడు. దారిలో ఎవరైనా విప్పి చూసుంటే మరణశిక్షే.

ఆటల అధికారి చేతిలో పెద్ద అధికారమేముంటుంది? పని ఇచ్చే అధికారం ఉంటుంది. ఆయన దాన్నే వాడుకున్నాడు. ట్రెబ్లింకా వెళ్లే రైలు నుండి తప్పించుకొచ్చిన లియోన్ వార్మ్ అనే యూదుడికి దొంగ కాగితాలు పుట్టించి స్టేడియంలో పనివాడిగా పెట్టుకున్నాడు. గెస్టపో వెతుకుతున్న ఆంటోని చెచోరా అనే కాథలిక్ గురువును మారుపేరుతో భాషా బోధకుణ్ణి చేశాడు. ఒకసారి కాల్చివేతకు తీసుకుపోతున్న లారీలో నుండి ఆ గురువు బంధువు ఒకడు ఆయన్ని గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. హోసెన్‌ఫెల్డ్ లారీ ఆపించి, నాకు పనికి ఒక మనిషి కావాలంటూ, ఎవరో ఒకరిని ఎంచుకున్నట్టు నటించి అతణ్ణి దింపుకున్నాడు. లారీలో మిగిలినవారు మాత్రం వెళ్లిపోయారు. కథ చెప్పేటప్పుడు మనం దిగినవాడి దగ్గరే ఆగిపోతాం. ఆ రాత్రి హోసెన్‌ఫెల్డ్ ఎవరి గురించి ఆలోచించి ఉంటాడో ఊహించడం కష్టమేం కాదు.

మరి ఆ సైన్యాన్ని ఆయన ఎందుకు విడిచిపెట్టలేదు? విడిచిపోతే ఉరి తప్పదు, ఉంటే కొందరినైనా కాపాడవచ్చు అనేది ఒక జవాబు. అది సగం జవాబేనని నా అభిప్రాయం. 1944 ఆగస్టులో వార్సా ప్రజలు తిరగబడినప్పుడు, పట్టుబడినవారిని విచారించే పని ఆయనకు అప్పగించారు. చేశాడు. దొరికిన ప్రతి ఒక్కరినీ కాపాడాలని చూస్తున్నానని ఇంటికి రాశాడు. అయినా కూర్చున్నది విచారించేవాడి కుర్చీలోనే. ఆ 63 రోజుల్లో లక్షన్నర నుండి 2 లక్షల మంది పౌరులు చనిపోయారని చరిత్రకారుల అంచనా. మిగిలిన జనాన్ని వెళ్లగొట్టి, నగరాన్ని వీధి తర్వాత వీధి తగులబెట్టారు.

ఆ బూడిదలో, నవంబరు నెలలో, ఒక పాడుబడ్డ భవనంలో తిండి కోసం డబ్బాలు వెతుక్కుంటున్న మనిషి ఆయన కంటపడ్డాడు. వ్లాదిస్లావ్ ష్పిల్‌మన్ అనే యూదుడు, ఒకప్పుడు పోలిష్ రేడియోలో పియానో వాద్యకారుడు. అతని తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ట్రెబ్లింకాలో పోయారు. పియానో వాయిస్తానని చెబితే అక్కడున్న పియానో మీద వాయించమన్నాడు. గోళ్లు పెరిగి, వేళ్లు కొయ్యబారిపోయిన చేతులతో అతడు షోపాన్ స్వరమొకటి వాయించాడు. దాక్కోవడానికి అటకలో ఇంకా మంచిచోటు హోసెన్‌ఫెల్డే చూపించాడు. రొట్టె, జామ్ తెచ్చిచ్చాడు. చలికి తన సైనిక కోటు ఇచ్చాడు. మీరు జర్మనేనా అని అడిగితే, అవునని, అందుకు సిగ్గుపడుతున్నానని బదులిచ్చాడు. ష్పిల్‌మన్ ఆయన పేరు అడగలేదు. పట్టుబడితే, చిత్రహింసలకు ఆ పేరు నోట రాకూడదని.

1945 జనవరిలో వార్సా విముక్తి పొందిన రోజు, ఆ కోటు వేసుకుని బయటికొచ్చిన ష్పిల్‌మన్‌ను జర్మన్ అనుకుని పోలండ్ సైనికులే కాల్చబోయారు. నేను పోలండ్‌వాణ్ణని అరుస్తూ చేతులెత్తి దిగాక గాని నమ్మలేదు. శీతాకాలమంతా ప్రాణం నిలిపిన కోటే ఆ ఉదయం ప్రాణం తీయబోయింది.

అదే జనవరి 17న హోసెన్‌ఫెల్డ్ సోవియట్ సైన్యానికి చిక్కాడు. కొద్దిరోజులకు, దారినపోతున్న ఒక పోలిష్ వయొలిన్ కళాకారుడు కంచె వెనకాల జర్మన్ ఖైదీలను చూసి, కడుపు మండి తిట్టాడు. వారిలో ఒకడు దగ్గరికొచ్చి, ష్పిల్‌మన్ తెలుసా, నేనతనికి సాయం చేశాను, నన్ను కాపాడమని చెప్పండి అన్నాడు. పేరు చెప్పేలోగా కాపలావాడు లాగేశాడు, పేరు సరిగా వినపడలేదు. 1946లో తాను కాపాడినవారి పేర్లు రాసి భార్యకు పంపగలిగాడు. 1947లో పక్షవాతం వచ్చింది. 1950లో సోవియట్ న్యాయస్థానం యుద్ధ నేరస్థుడని 25 ఏళ్ల శిక్ష వేసింది. వేలమందిని అలాగే ఒకే గాటన కట్టి శిక్షించారు. ఆ ఏడే లియోన్ వార్మ్ వెతుక్కుంటూ జర్మనీ వెళ్లి అన్నెమరీని కలిశాడు. అతని ఉత్తరంతోనే ష్పిల్‌మన్‌కు ఆ అధికారి పేరు మొదటిసారి తెలిసింది. పోలండ్ రహస్య పోలీసు వ్యవస్థను చేతిలో పెట్టుకున్న యాకుబ్ బెర్మన్ గడప తొక్కి బతిమాలాడు. పని కాలేదు. 1952 ఆగస్టు 13న స్టాలిన్‌గ్రాడ్ దగ్గరి శిబిరంలో హోసెన్‌ఫెల్డ్ చనిపోయాడు.

యూదులను కాపాడిన అన్యులను ఇశ్రాయేలులోని యాద్ వషేమ్ సంస్థ నీతిమంతులుగా గుర్తిస్తుంది. హోసెన్‌ఫెల్డ్‌కు ఆ గౌరవం ఇవ్వమని ష్పిల్‌మన్ 1998లో అడిగాడు. ఆయన చేతులకు యుద్ధ నేరాల రక్తం అంటలేదని నిర్ధారించుకోవడానికి వాళ్లు ఉత్తరాలు, డైరీలు, దస్తావేజులు ఏళ్ల తరబడి పరిశీలించారు. అలా పరిశీలించడమే న్యాయమని నాకనిపిస్తుంది. 2008లో ఒప్పుకున్నారు. అప్పటికి ష్పిల్‌మన్ చనిపోయి ఎనిమిదేళ్లు.