అవ్వ గీతలు మరువని ఆస్కార్ హౌ

ఈసారి గోడపత్రికలో అమెరికా ఆదివాసీ చిత్రకారుడు ఆస్కార్ హౌ గారి గురించి రాస్తున్నాను. ఆయన కూడా మనలాగే హాస్టల్ పిల్లగాడు.

ఆయన 1915 మే 13న సౌత్ డకోటా రాష్ట్రంలో క్రో క్రీక్ అనే చోట పుట్టిండు. వాళ్ళది డకోటా తెగ. లకోటా వాళ్ళు, వీళ్ళు అన్నదమ్ముల లెక్క. చిన్నప్పుడే ప్రభుత్వ హాస్టల్ బడిలో వేశారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఇంటి భాష మాట్లాడితే దెబ్బలు పడేవి. (మేము చేరినప్పుడు తెలుగు సరిగ్గా రాక ఏడ్చినం గానీ ఎవరూ కొట్టలేదు.) ఒంటికి పుండ్లు లేచి, కండ్లకు జబ్బు చేస్తే ఇంటికి పంపిండ్రు.

ఇంటి దగ్గర అవ్వ ఉన్నది. కథలు చెప్పుకుంట పాత గుర్తులు గీసి చూపేది. వాళ్ళ తెగలో అడవిదున్న తోళ్ళ మీద బొమ్మలు వేసేవారు. మగవాళ్ళు గుర్రాలు, యుద్ధాలు వేస్తే ఆడవాళ్ళు ముక్కోణాలు, గళ్ళు వేసేవారు. మా దాది పేటియా మీద అద్దాలు కుట్టినప్పుడు కూడా ముందు గీసుకోదు, చేతికే తెలుసు.

పెద్దయినాక శాంటా ఫే బడిలో 1938 దాకా బొమ్మలు నేర్చిండు. యుద్ధానికి పోయి వచ్చిండు. 1948 నుంచి 1971 దాకా మిచెల్ ఊరిలో కార్న్ ప్యాలెస్ గోడలకు బొమ్మలు తయారుచేసిండు. అక్కడ రంగులు పూయరు, రంగురంగుల మక్క కంకులు కోసి మేకులు కొడతరు! మన దగ్గర ఇన్ని మక్కలు పండుతయి, ఎవరికీ తోచలేదు.

1958లో ఫిల్‌బ్రూక్ మ్యూజియం ఆదివాసీ చిత్రాల పోటీకి ఒక నాట్యం బొమ్మ పంపిండు. ఇది ఆదివాసీ పద్ధతి కాదని పక్కన పెట్టిండ్రు. ఆయన బొమ్మల్లో గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటయి, మనుషులు గిర్రున తిరిగినట్టుంటరు. అది వేరేవాళ్ళ ఆర్ట్ చూసి వేసిండని కొందరు అన్నరు. కానీ అది వాళ్ళ తెగ పద్ధతే. ముగ్గు వేసినట్టు చుక్కకూ చుక్కకూ గీత కలిపి సాలెగూడు లెక్క అల్లేవాడు.

ఆయన ఊకోలేదు. ఆదివాసి ఎట్ల గీయాలో మీరు చెప్పుడేంది, మేము చిన్నపిల్లలమా అని గట్టిగా ఉత్తరం రాసిండు. తర్వాత ఆ పోటీలో కొత్త తీరు బొమ్మలకు కూడా చోటు ఇచ్చారు.

నేను ఒక పోటీలో తండా బొమ్మ చుట్టూ అద్దాల అంచు వేస్తే, ఇదెందుకు, కొండలు సూర్యుడు వెయ్యమన్నరు. నేను రబ్బరుతో తుడిపేసిన.

ఆయన 1983 అక్టోబర్ 7న చనిపోయారు. 2022లో న్యూయార్క్‌లో ఆయన బొమ్మలతో పెద్ద ప్రదర్శన పెట్టారు.

ఈ పేజీ చుట్టూ ఉన్న అంచు మా దాది పేటియా మీదిదే. ఎర్ర స్కెచ్ అయిపోయింది, అందుకే ఒక మూల ఖాళీగా ఉన్నది.

– 9వ తరగతి విద్యార్థిని, తాడ్వాయి