కాచిగూడ పంతులుగారు, జకార్తా బంగారు పతకం

మా పెద్దవాడికి పన్నెండేళ్లు. ఉబ్బసం వల్ల ఎక్కువసేపు పరిగెత్తలేడు కానీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఇక్కడ కౌలాలంపూర్‌లో వాళ్ల టీమ్ ఆడుతుంటే బెంచీ మీద కూర్చుని, ఎవరు ఎక్కడ నిలబడాలో నోట్‌బుక్‌లో గీస్తుంటాడు. పెద్దయ్యాక కోచ్ అవుతాడట.

మొన్న అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో చూస్తూ, ఆడేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లే కదా, మరి హెడ్ కోచ్‌లు ఎక్కువగా తెల్లవాళ్లే ఎందుకున్నారని అడిగాడు. ఇద్దరం కూర్చుని వెతికాం. 1921లోనే ఫ్రిట్జ్ పొలార్డ్ అనే నల్లజాతి ఆటగాడు ఏక్రన్ జట్టుకు కోచ్‌గా కూడా ఉన్నాడు. ఆ తర్వాత ఆ లీగ్‌లో మరో నల్లజాతి హెడ్ కోచ్‌గా ఆర్ట్ షెల్ వచ్చేసరికి 1989 అయింది. అంటే 68 ఏళ్లు! కోచ్ ఉద్యోగానికి మైనారిటీ అభ్యర్థిని ఇంటర్వ్యూకైనా పిలవాలని 2003లో రూనీ రూల్ పేరుతో నియమం పెట్టుకోవాల్సి వచ్చింది.

మరి మనవాళ్లలో పెద్ద కోచ్‌లు ఎవరూ లేరా అన్నాడు. మలేషియాకు 2010లో మొదటిసారి ఆగ్నేయాసియా కప్పు తెచ్చిన కె. రాజగోపాల్ భారత సంతతివారేనని చెప్పాను. మన ఊరివాళ్లు కావాలన్నాడు. అప్పుడు చెప్పాను, సయ్యద్ అబ్దుల్ రహీం గారి గురించి. నిజం చెప్పొద్దూ, నేను పుట్టి పెరిగింది కాచిగూడ దగ్గరే అయినా, 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా నాకూ ఆయన పేరు తెలియదు.

రహీం గారు 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో బీఏ చదివారు. క్లబ్బుల్లో ఫుట్‌బాల్ ఆడినా, వృత్తి మాత్రం బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లోనూ పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, చనిపోయేదాకా ఆ బాధ్యత మోశారు.

పిల్లలకు ఆయన పెట్టిన పోటీలు భలే ఉండేవి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతిని పక్కవాడికి ఇచ్చేయాల్సిందే. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే తన్నాలి. బీఎస్సీ ల్యాబ్‌లో మేం మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్కటి మార్చి చూసేవాళ్లం. ఆయన అదే పని మైదానంలో చేశారు. బలమైన కాలిని పక్కన పెట్టిస్తే రెండోది నేర్చుకోక తప్పుతుందా?

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే. పైగా హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసి ఎంతో కాలం కాలేదు, గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అలాంటి రోజుల్లో హైదరాబాదీ ముస్లిం పంతులు ఒకాయన దేశం జట్టును చేతిలోకి తీసుకున్నారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో గెలిపించారు.

అన్నీ విజయాలేం కావు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండానే ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరయ్యాయి. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియానే 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదూరం వెళ్లిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది.

ఇక 1962 జకార్తా. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత అధికారి సోంధీ తప్పుబట్టడంతో అక్కడి జనం మనపై మండిపడ్డారు. మన రాయబార కార్యాలయంపై దాడి కూడా జరిగింది. మొదటి మ్యాచ్‌లోనే కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు అతన్ని ఇంటికి పంపలేదు, ముందు వరసలోకి మార్చారు. సెమీస్‌లోనూ ఫైనల్లోనూ అతను గోల్స్ కొట్టాడు! సెప్టెంబర్ 4న దాదాపు లక్షమంది ఎగతాళి చేస్తుంటే, అదే కొరియాపై 2-1తో స్వర్ణం. ఆ క్రీడల్లో కాంస్యం ఎవరిదో తెలుసా? మనం ఉంటున్న ఈ మలయాదే.

ఆ జట్టును చూడండి. పంజాబ్ జర్నైల్, బెంగాల్ చునీ గోస్వామి, సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేదింట పుట్టిన తులసీదాస్ బలరాం, గోల్‌లో పీటర్ తంగరాజ్. భాషలు వేరు, మతాలు వేరు. నడిపించింది బడిపంతులు.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆయన వెళ్లిపోయారు. 53 ఏళ్లే. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ మళ్లీ స్వర్ణం గెలవలేదు. కొద్దికాలానికే జట్టుకు ఇంగ్లండ్ నుంచి కోచ్‌ను తెచ్చుకున్నాం.

నాకు బాధ కలిగించేది ఒక్కటే. అమెరికాలో పొలార్డ్‌ను మరిచిపోయారని మనం ముక్కున వేలేసుకుంటాం. మరి రహీం గారిని మనమేం చేశాం? ఆయన పాఠాలు చెప్పిన ప్రాంతంలో పెరిగిన నాకే ఆయన పేరు తెలియలేదు. ముందు నడిచినవాళ్లు కనబడకపోతే, వెనకొచ్చే పిల్లలు ఆ దారే లేదనుకుంటారు.

అంతా విని మావాడు ఒకటే అడిగాడు. ఆయన పేరున్న ఆటగాడు కాకపోయినా కోచ్‌ని చేశారా అని. చేశారురా నాన్నా అన్నాను. నోట్‌బుక్ తీసుకుని గదిలోకి వెళ్లాడు. మర్నాడు చూస్తే, కొత్త పేజీ మీద ఎడమకాలి పోటీ అని రాసి ఉంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ చూసి ఉంటే, ఈ ఆదివారం ఫోన్ చేసి అడగండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ అడగండి.