ఫుట్‌బాల్ గురువు రహీం సాబ్

సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం వ్రాయమని కార్యవర్గం వారు కోరగానే నాకు గుర్తుకొచ్చిన పేరు స్వర్గీయ సయ్యద్ అబ్దుల్ రహీం గారిది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బడుల్లో డ్రిల్లు సారుగా పనిచేసి రిటైరైన నాకు ఆయన మా వృత్తికే పెద్దదిక్కుగా కనిపిస్తారు. మన పాలమూరు పాత హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే ఆయన పేరు దేశమంతా తెలిసింది.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులోను, ఆ తరువాత కమర్ క్లబ్ తరఫున ఆడి పేరు తెచ్చుకున్నారు. బ్రతుకుతెరువుకు మాత్రం పంతులు ఉద్యోగమే ఎంచుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పిల్లల ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు.

1940లలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన పద్ధతి బడి పద్ధతే. ఒక కాలితోనే ఆడే అలవాటు పోగొట్టడానికి బలహీనమైన కాలితో మాత్రమే ఆడించే పోటీలు పెట్టారు. బంతిని తన దగ్గరే ఉంచుకునే గుణం పోవాలని వెంటనే అందించి తీరవలసిన ఆటలు ఆడించారు. అమ్ముగూడ నుండి రావడానికి దారి ఖర్చులు లేని తులసీదాస్ బలరాంకు అద్దె సైకిలుకు డబ్బులిచ్చి మైదానానికి రప్పించారు. ఆ కుర్రవాడే తరువాత దేశం గర్వించే ఆటగాడయ్యాడు.

భారత జట్టు ఆయన శిక్షణలో 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది అక్కడ బూట్లు లేకుండా ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం గారు ఓటమిని పాఠంగా తీసుకున్నారు. 1956 మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టయింది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. తొలి మ్యాచ్‌లోనే మనం దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాము. థాయిలాండ్‌తో ఆడినప్పుడు డిఫెన్స్ ఆటగాడు జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గురువు గారు అతణ్ణి ఇంటికి పంపలేదు, ముందు వరుసలో నిలబెట్టారు. ఫైనల్‌కు ముందు శిష్యులను స్వర్ణ పతకం కానుకగా అడిగారంటారు. సెప్టెంబరు 4న, సుమారు లక్షమంది ఎదుట, అదే కొరియాను మనవాళ్లు 2-1తో ఓడించారు. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండవది జర్నైల్ సింగ్‌ది. ఆ మరునాడే దేశంలో తొలి ఉపాధ్యాయ దినోత్సవం జరిగింది. ఒక బడిపంతులుకు అంతకుమించిన కానుక ఏముంటుంది?

1963 జూన్ 11న, 54వ ఏట, రహీం గారు కన్నుమూశారు. మన సభ్యుల్లో చాలామంది పెన్షన్ కాగితాలకు తిరిగే వయసు కూడా ఆయనకు రాలేదు. పద్మ పురస్కారం దక్కలేదు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గాని మొదలు కాలేదు. 2024లో హిందీ చిత్రం 'మైదాన్' వచ్చాకే చాలా ఇళ్లలో ఆ పేరు వినిపించింది. ఆయన పోయిన తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

మిత్రులారా, మన మనుమలకు క్రికెట్ వీరులందరూ తెలుసు. హైదరాబాదు బడిలో పాఠాలు చెప్పిన ఈ పంతులు గారి సంగతి వారికి చెప్పవలసింది మనమే.